తేరు మోకు, రబ్బరు పాలు

పుదుచ్చేరి నుండి విల్లుపురం పోయే దారిలో పది కిలోమీటర్లు సాగేసరికి విల్లియనూరు వస్తుంది. తమిళుల వైకాసి మాసంలో అక్కడి తిరుకామేశ్వరస్వామికి, కోకిలాంబకు బ్రహ్మోత్సవం జరుగుతుంది. అందులో తేరు కదిలే రోజు ప్రధానమైనది. ఫ్రెంచివారు ఏలిన కాలంలో వారి గవర్నరు స్వయంగా విచ్చేసి మోకు పట్టి లాగేవాడు. ఫ్రెంచివారు వెళ్ళిపోయారు గాని ఆచారం వెళ్ళిపోలేదు. నేడు ఆ స్థానంలో లెఫ్టినెంట్ గవర్నరు వచ్చి చేయి వేస్తారు. ఆ వెనుక వందలాది చేతులు కలుస్తాయి. జనం చూపంతా తేరు శిఖరం మీద, పూలదండల మీద, మోకు పట్టిన పెద్దల మీద ఉంటుంది. మోకును మాత్రం ఎవరూ చూడరు.

చూడవలసినది ఆ మోకునే. తేరు మోకులను కొబ్బరి పీచుతోనో జనుముతోనో పేనడం మన వైపు పరిపాటి. అందులో నుండి ఒక్క పీచు తీసి చేతికిస్తే చిన్నపిల్ల కూడా పుటుక్కున తెంపివేస్తుంది. అవే పీచులు వేలకు వేలు మెలిపడి, ఒకదాని పట్టు మరొకదానికి ఇచ్చుకొని, టన్నుల బరువున్న తేరును వీధి మలుపు తిప్పుతాయి. పీచులోని ఈ సత్తువకు మూలం సెల్యులోజ్ అనే పదార్థం. చెట్టు గాలిని, నీటిని, ఎండను తీసుకొని చక్కెర చేసుకుంటుంది. ఆ చక్కెర అణువులను దండ గ్రుచ్చినట్లు వరుసగా కూర్చి, దండ పక్కన దండను పేర్చి, బిగించి పెట్టుకున్నదే సెల్యులోజ్. అదే చక్కెరను మరొక తీరున కూర్చితే గంజిలోని పిండిపదార్థమవుతుంది. వరిమొక్క గింజలో దాచినది మనిషికి ఆహారం. కాడలో దాచినది పశువుకు మేత. కూర్పులోని తేడాయే ఇంత తేడాకు కారణం.

ఆ సెల్యులోజ్‌లో లోపమేమీ లేకుండా స్ఫటికంగా అమరిన భాగాలు కొన్ని ఉంటాయి. వాటి బిగువును కొలిచిన శాస్త్రజ్ఞులు 130 నుండి 150 గిగాపాస్కళ్ళ దాకా లెక్క చెప్పారు. గాజు పోగు బిగువు దానిలో సగం మాత్రమే. ఉక్కు అంతకంటె గట్టిదే గాని, బరువుతో భాగించి చూస్తే గడ్డిపోచలోని ఈ కంటికి కనరాని పుల్లల ముందు ఉక్కు కూడా తీసికట్టే. పెంటకుప్ప మీద వేసే గడ్డిలో ఇంత పటుత్వం దాగి ఉన్నదంటే వెంటనే నమ్మబుద్ధి కాదు.

రథవీధుల్లోనే మరొక చెట్టు సంపద కూడా దొర్లుతూ ఉంటుంది. అది టైరు. దారి పక్కన పంక్చర్లు వేసే దుకాణం ముందు కొద్దిసేపు నిలబడితే చాలును. ఆకురాయితో ట్యూబును గీకడం, సొల్యూషన్ పూయడం, ప్యాచీ అంటించి సుత్తితో తట్టడం, నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు వస్తున్నవేమో చూడడం, ఇదంతా మనకు చిన్ననాటి నుండి తెలిసిన తంతు. ఆ పనిచేసే మనిషి చేతులు ఎప్పుడూ నల్లగా ఉంటాయి. అది రబ్బరు నలుపని అందరూ అనుకుంటారు. కాదు. రబ్బరు చెట్టు పాలు ఆవుపాల వలె తెల్లనివి. ఆ చేతులకు అంటినది మసి.

ఈ మసి కథ తెలియాలంటే కొంత వెనుకకు పోవాలి. దక్షిణ అమెరికాలోని ఆదివాసులకు రబ్బరు చిరకాలంగా తెలుసు. యూరపు పండితులకు దానిని పరిచయం చేసినవాడు లా కొండమీన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. 1736లో అతడు ఆ వింత పదార్థపు ముక్కలను పారిస్ అకాడమీకి పంపాడు. 1751లో ఆ చెట్టును గురించిన వివరాలను అదే అకాడమీలో చదివి వినిపించారు. ఆ రెండు తేదీల నడుమ, 1749లో, విల్లియనూరు ఫ్రెంచివారి చేతికి వచ్చింది. ఒకే రాజ్యపు దస్త్రాలలో ఒక మూల రబ్బరు, మరొక మూల విల్లియనూరు చేరడం కేవలం కాకతాళీయమే. అయినా ముచ్చటగానే ఉన్నది.

పచ్చి రబ్బరు ఎండకు జిగటగా కరిగేది, చలికి బిరుసెక్కేది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడియర్ గంధకం కలిపి కాచిన తరువాత ఆ రోగం కుదిరింది. తక్కిన కథ వేగంగా నడిచింది. 1876లో హెన్రీ విక్‌హామ్ బ్రెజిల్ నుండి సుమారు 70,000 విత్తనాలను లండన్ క్యూ తోటకు చేర్చాడు. వాటిలో మొలిచినవి కొద్ది వేలే. ఆ మొక్కలు సింహళానికి, అక్కడి నుండి తక్కిన ఆసియాకు వ్యాపించాయి. కేరళలో పెరియారు ఒడ్డున తట్టెక్కాడులో 1902లో వాణిజ్య సరళిలో తోట వేశారు.

గంధకంతో కాచిన రబ్బరు సాగుతుంది, తిరిగి ముడుచుకుంటుంది. సాగదీసిన కొద్దీ దాని అణువులు వరుస కట్టి తమకు తామే గట్టిపడే గుణం కూడా సహజ రబ్బరుకు ఉన్నది. విమానం టైర్లకు నేటికీ సహజ రబ్బరునే వాడడానికి ఇది ముఖ్య కారణం. కాని రోడ్డు మీది రాపిడికి, కోతకు, చిరుగుకు అది ఒంటరిగా నిలువలేదు. తోడు కావాలి. మట్టిగోడ పెట్టేవారు బురదలో తరిగిన గడ్డి కలిపి తొక్కినట్లే, రబ్బరులోనూ ఏదో ఒకటి కలిపి పిసకాలి. మొదట జింక్ ఆక్సైడ్ అనే తెల్లపొడి కలిపేవారు. అందుచేతనే తొలినాటి టైర్లు లేతరంగులో ఉండేవి. మిషలిన్ కంపెనీ బొమ్మలో టైర్లు తొడుక్కున్న లావుపాటి మనిషి నేటికీ తెల్లగా ఉన్నాడంటే అతడు 1898 నాటివాడు గనుకనే. 1904లో లండన్ సిల్వర్‌టౌన్‌లోని ఒక రబ్బరు కర్మాగారంలో మోట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు నూనె మసిని కలిపి చూశాడు. రబ్బరు సత్తువ అమాంతంగా పెరిగింది. మరి కొన్నేళ్ళకు అమెరికా టైర్ల కంపెనీలు దానిని అందిపుచ్చుకున్నాయి. అప్పటినుండి లోకంలోని టైర్లన్నీ నల్లబడ్డాయి. నేడు టైరు బరువులో సుమారు నాలుగో వంతు ఈ మసే. దీనిని కార్బన్ బ్లాక్ అంటారు.

ఆ మసి ఊరికే రాదు. బరువైన పెట్రోలియం నూనెను చాలీచాలని గాలిలో మండించి దానిని పట్టుకుంటారు. ఒక కిలో మసికి రెండు కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువు ఆకాశంలో కలుస్తుంది. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ కార్బన్ బ్లాక్‌ను మనుషులకు క్యాన్సరు కలిగించే అవకాశమున్న పదార్థాల కోవలో చేర్చింది. టైరులో ఇమిడిపోయిన మసి కంటె, సంచులు విప్పి గుమ్మరించే కార్మికుడు పీల్చే మసిని గురించే ఇక్కడ ఎక్కువగా ఆలోచించవలసి ఉన్నది. అయినా నూరేళ్ళకు పైగా దీనిని కాదనగలిగినది వేరొకటి రాలేదు. 1990ల నుండి కార్ల టైర్లలో సిలికా కొంత చోటు సంపాదించింది, అంతే.

ఇప్పుడు ఆ చోటుకు మోకులోని పీచు పోటీ పడుతున్నది.

ఊహ సరళమైనది. వరిగడ్డిలో మూడో వంతుకు పైగా సెల్యులోజ్ ఉంటుంది. చెరకు పిప్పిలోనూ దండిగానే ఉంటుంది. అనాస ఆకులో ఇంకా ఎక్కువ. గడ్డిని సోడాతో ఉడికించి, చలువ చేసి, తెల్లని గుజ్జు తీస్తారు. ఇంతవరకు కాగితం మిల్లు పనే. ఆ గుజ్జును ఘాటైన గంధకామ్లంలో, గోరువెచ్చని వేడిమిలో, గంటలోపు ఉంచితే మెత్తని భాగాలు కరిగిపోయి గట్టి స్ఫటికాలు మిగులుతాయి. ఆమ్లం వద్దనుకుంటే గుజ్జును యంత్రాలలో మళ్ళీ మళ్ళీ నూరి సన్నని దారాలుగా విడదీయవచ్చును. ఒక మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒకటి నానోమీటరు. ఈ స్ఫటికాల మందం 5 నుండి 20 నానోమీటర్లు. మన తలవెంట్రుక వీటికంటె కొన్ని వేల రెట్లు లావు. చీల్చిన కొద్దీ పీచులోని బలహీనమైన చోట్లు పోయి, బలమైన చోట్లే మిగులుతాయి. అంతేగాక ఎంత సన్నబడితే రబ్బరును తాకే ఉపరితలం అంత పెరుగుతుంది. ఒక గ్రాము స్ఫటికాలను పరచగలిగితే పెద్ద హాలు నేలంతా కప్పవచ్చును.

చిక్కు ఇక్కడినుండి మొదలవుతుంది. సెల్యులోజ్‌కు నీరంటే ప్రాణం. రబ్బరుకు నీరు గిట్టదు. ఎండబెట్టిన నానో సెల్యులోజ్‌ను తెచ్చి రబ్బరులో కలిపితే, సన్నని పుల్లలన్నీ ఒకదానినొకటి కావలించుకొని ఉండలు కడతాయి. గంజిలో ముంచిన బట్టను మడతతోనే ఎండబెట్టి తరువాత విప్పబోయిన ఇల్లాలికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఉండ కట్టిన చోటు రబ్బరుకు బలం కాదు. చిరుగు మొదలయ్యే చోటు అదే.

దీనికి విరుగుడు చెట్టే చూపించింది. చెట్టును గీసినప్పుడు కారేది గట్టి రబ్బరు కాదు, పాలు. నూరు పాళ్ళలో 30 నుండి 40 పాళ్ళు రబ్బరు. తక్కినది ప్రధానంగా నీరే. ఆ నీటిలో రబ్బరు సూక్ష్మమైన బొట్లుగా తేలుతూ ఉంటుంది. అంటే, చెట్టు దగ్గర ఉన్నంతసేపు రబ్బరు కూడా నీటిలోని వస్తువే! అప్పుడే నీటిలో తేలే సెల్యులోజ్‌ను అందులో కలిపివేస్తే రెండింటికీ పేచీ ఉండదు. ఆమ్లంతో తీసిన స్ఫటికాల మీద రుణ విద్యుదావేశం ఉంటుంది. రబ్బరు బొట్ల మీదా అదే. అందుచేత ఒకటి మరొకదానిని చెదరగొట్టుకుంటూ సమంగా పరచుకుంటాయి. అయితే స్ఫటికాలను బాగా కడగాలి. ఆమ్లం ఏమాత్రం మిగిలినా నిమ్మరసం పడ్డ పాల వలె రబ్బరు పాలు విరిగి గడ్డకడతాయి. సరిగా కలిసిన పాలను ఆరబెట్టినప్పుడు నీరు ఆవిరై, బొట్లు దగ్గరకు జరిగి, వాటి సందులలోని సెల్యులోజ్ పుల్లలు ఒకదానినొకటి తాకి వల వలె అల్లుకుంటాయి. ఇటుకల నడుమ సున్నం పరచుకున్నట్లు రబ్బరు బొట్ల చుట్టూ ఒక పంజరం ఏర్పడుతుంది. పాల వంటి ద్రవంలో నానో సెల్యులోజ్‌ను కలిపే ఈ మార్గాన్ని 1995లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్ శాస్త్రజ్ఞులు చూపించారు. వారు వాడినది చెట్టు పాలను కాదు, కృత్రిమమైన పాలను. సెల్యులోజ్ కూడా మొక్కది కాదు. సముద్రంలో పెరిగే ట్యూనికేట్ అనే జంతువుది. కొద్ది శాతం కలపగానే ఆ పదార్థపు బిగువు ఎన్నో రెట్లు పెరిగింది. సహజ రబ్బరులో మొక్కల పీచుతో ఆ తరువాత ఎన్నో చోట్ల ప్రయత్నించారు. మన దేశంలో కొట్టాయంలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలో సాబు థామస్ బృందం అనాస ఆకు మొదలైన వాటి నుండి నానో సెల్యులోజ్ తీసి, రబ్బరుతో కలిపి చాలాకాలంగా పరిశోధిస్తున్నది.

ఇంతవరకు చదివినవారికి రేపో మాపో టైర్లు తెల్లబడతాయని అనిపించవచ్చును. అది తొందరపాటే. బిగువు పెరిగిన మేరకు రబ్బరు సాగే గుణం తగ్గుతుంది. తడి తగిలితే సెల్యులోజ్ వల పట్టు సడలుతుంది. వానాకాలపు రోడ్డు మీద నడిచే చక్రానికి ఇది చిన్న లోపం కాదు. గంధకంతో కాచే ముందు రబ్బరును రోలర్ల మధ్య వేసి గట్టిగా పిసికితే, కష్టపడి అల్లుకున్న పంజరం చాలావరకు ముక్కలవుతుంది. ప్రయోగశాలలో రేకు వలె పోసి ఎండబెట్టిన పలుచని పొరకు వచ్చిన ఫలితాన్ని లారీ టైరుకు అంటగట్టి వ్రాసే వ్యాసాలు కొన్ని ఉన్నాయి. వాటిని చదివేటప్పుడు పొర ఎంత మందమో ముందు చూసుకోవడం మంచిది.

అన్నింటికంటె పెద్ద అడ్డంకి రవాణా. నానో సెల్యులోజ్ సాధారణంగా జావగా తయారవుతుంది. నూరు కిలోల జావలో అసలు సరుకు రెండు మూడు కిలోలకు మించకపోవచ్చును. ఎండబెట్టితే ఉండ కడుతుంది; ఎండబెట్టకపోతే నీళ్ళు మోయాలి. గడ్డి ఉన్నచోట రబ్బరు పాలు లేవు. రబ్బరు పాలు ఉన్నచోట అంత గడ్డి లేదు. భారతదేశపు రబ్బరులో సింహభాగం కేరళది, తరువాతి స్థానం త్రిపురది. విల్లియనూరు చుట్టుపట్ల ఉన్నవి వరిచేలు, చెరకు తోటలు.

అయినా కొందరు మార్కెట్టు దాకా వచ్చారు. జపానులో సుమిటోమో రబ్బరు కంపెనీ 2019 డిసెంబరులో సెల్యులోజ్ నానో దారాలు కలిపిన డన్‌లప్ కారు టైరును విడుదల చేసింది. ఆ టైరు నల్లగానే ఉన్నది. కొత్త పీచు మసిని తరిమివేయలేదు, దాని పక్కన ఒక పీట వేసుకున్నది. ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంవారు ఎడారిలో పెరిగే స్పినిఫెక్స్ గడ్డి నుండి తీసిన దారాలను రబ్బరు పాలలో కలిపి నిరోధ్ వంటి తొడుగులను తయారు చేసి చూశారు. 2016లో వారు ప్రకటించిన ప్రకారం, గాలి నింపి పగులగొట్టే పరీక్షలో ఒత్తిడి 20 శాతం, ఘనపరిమాణం 40 శాతం అదనంగా తట్టుకున్నాయి. పలుచని పొరకు ఈ విద్య సహజంగా సరిపోతుంది. అక్కడ రోలర్లు లేవు. పాలలో అచ్చు ముంచి తీయడమే. ఆ కథలో మరొక విశేషమున్నది. ఆ గడ్డి జిగురుతో ఈటె మొనలను అతికించడం అక్కడి ఆదివాసులకు తరతరాలుగా తెలుసు. విశ్వవిద్యాలయం ముందుగానే ఆ ప్రాంతపు ఆదివాసుల సంస్థతో ఒప్పందం కుదుర్చుకొని, రాబోయే లాభంలో వారికి భాగం ఉండేటట్లు వ్రాసుకున్నది.

మన దేశంలో ఈ పద్ధతి వస్తే ఎవరి భాగం ఎంత? రబ్బరు తోటల విస్తీర్ణంలో పది పాళ్ళకు తొమ్మిది పాళ్ళకు పైగా చిన్న రైతులదే. 2011లో కిలో 200 రూపాయలు దాటి పలికిన షీటు రబ్బరు 2016 ఆరంభంలో 100 రూపాయల దిగువకు జారింది. అప్పుడు చెట్లు గీయడమే మానుకున్నవారు ఉన్నారు. రబ్బరు బలపడి వస్తువు పలుచనైతే వస్తువుకు పట్టే పాలు తగ్గుతాయి. అది రైతుకు నష్టమని మొదటి చూపుకు తోస్తుంది. కాని ఆసుపత్రి చేతితొడుగుల విషయంలో జరిగినది వేరు. పెట్రోలియం నుండి వచ్చిన నైట్రైల్ తొడుగులు సహజ రబ్బరు తొడుగులను చాలాచోట్ల పక్కకు నెట్టాయి. పోటీకి నిలువలేని వస్తువు ఎంత మందంగా ఉండి ఏమి లాభం? దేశంలో 2023–24లో ఉత్పత్తి అయిన సహజ రబ్బరు సుమారు 8.5 లక్షల టన్నులు; వాడకం 14 లక్షల టన్నులు. వాడకం ఇంత మిగులుగా ఉన్నప్పుడు, పలుచని పొరకు భయపడవలసిన అవసరం రైతుకు అంతగా కనబడదు. భయపడవలసినది ధర విషయంలో.

గడ్డి రైతు సంగతి ఇంకా అస్పష్టం. గడ్డి 'వ్యర్థం' అని పరిశోధకులు వ్రాస్తారు. ఇంట్లో పాడి ఉన్న రైతుకు ఆ మాట వినిపిస్తే నవ్వుతాడు. చెరకు పిప్పి కూడా ఊరికే పారవేసేది కాదు. చక్కెర మిల్లు బాయిలరుకు అదే వంటచెరకు. కరూరు దగ్గర తమిళనాడు న్యూస్‌ప్రింట్ సంస్థ అదే పిప్పితో కాగితం చేస్తున్నది. కోత యంత్రాలు వచ్చిన తరువాత పొలంలోనే మిగిలి తగులబడే గడ్డి కథ వేరు. దానిని తగులబెట్టితే వచ్చేదీ మసే. గడ్డిని కాల్చి ఒక మసి, నూనెను కాల్చి మరొక మసి చేసుకుంటున్నాము. మొదటిదానిని కాల్చకుండా ఉంటే రెండోది కొంతైనా తగ్గుతుందన్నదే ఈ పరిశోధనకంతటికీ ఆయువుపట్టు.

పుదుచ్చేరికి గోదావరి ఒడ్డున యానాం అనే తెలుగు తునక ఒకటి ఉన్నది. దాని చుట్టూ వరి. అక్కడి నుండి గోదావరికి ఎగువగా, తూర్పు కనుమలలోని మారేడుమిల్లి వైపు పోతే గిరిజన రైతుల రబ్బరు తోటలు కనబడతాయి. కేరళ తోటలతో పోల్చితే అవి చాలా చిన్నవి. కాని రబ్బరు పాలకు, వరిగడ్డికి నడుమ ఒకరోజు లారీ ప్రయాణం కూడా లేని చోటు తెలుగు నేల మీద అది. జావను ఎండబెట్టకుండానే తోట దగ్గరకు చేర్చడం అక్కడ ఊహకు అందని పని కాదు. పుదుచ్చేరి పల్లెలలోనూ రబ్బరుకు కొదువ లేదు. నెట్టపాక్కం వైపు ఎరిపాక్కంలో ఎం.ఆర్.ఎఫ్. టైర్ల కర్మాగారం ఉన్నది. ఆ కంపెనీ 1946లో మద్రాసు శివారు తిరువొత్తియూరులో ఆటబుడగలు చేస్తూ మొదలైనది. అంటే రబ్బరు పాలలో అచ్చు ముంచి తీసే పనితోనే. అయితే టైర్ల కర్మాగారానికి వచ్చేది పాలు కాదు, ఎండిన రబ్బరు. పాలలోనే పీచు కలిపి, ఆరబెట్టి, ఆ మిశ్రమాన్ని బేళ్ళుగా పంపగలిగితే తప్ప ఆ గుమ్మం దాటడం కష్టం. పరిశోధకులు నేడు ముఖ్యంగా తలపట్టుకున్నది ఈ ఒక్క మెట్టు దగ్గరే.

విల్లియనూరులో ఉత్సవం ముగిసిన తరువాత మోకును చుట్టగా చుట్టి, తడి తగలని చోట భద్రపరుస్తారు. పీచుకు నీటితో ఉన్న చుట్టరికం తెలిసినవారు చేసే పని అది. రథవీధి పక్కన పంక్చరు దుకాణంలో పని మళ్ళీ మొదలవుతుంది. ఆకురాయి తాకిన చోటల్లా ట్యూబు నుండి నల్లని పొడి రాలుతుంది.